హమదాన్ ఖాజీ ప్రేమశాస్త్రం

1131 మే నెలలో ఇరాన్‌లోని హమదాన్ పట్నంలో ఒక ఖాజీకి మరణశిక్ష అమలు చేశారు. ఆయనకప్పుడు 33 ఏళ్లు. అసలు పేరు అబ్దుల్లా. ఇరవై నాలుగో ఏటికే అరబ్బీలో తత్వగ్రంథం రాసినవాడు. పుట్టిన ఊళ్లోనే తీర్పులు చెప్పి, పాఠాలు చెప్పి, ఐనుల్ ఖుజాత్ అనే బిరుదు పొందినవాడు. ఖాజీలందరికీ కన్నువంటివాడని ఆ బిరుదు. తాను పాఠం చెప్పిన మదరసా వాకిట్లోనే ఆయన్ని వేలాడదీశారని తరవాతి చరిత్రకారులు రాశారు. శవాన్ని చాపలో చుట్టి తగలబెట్టారని ఇంకొందరు రాశారు. కాగితం మీద నేరం మతం తప్పాడన్నది. ఆయన పుస్తకాలు తెరిచి చూస్తే ఎటు తిప్పినా ఒకటే ప్రస్తావన: ఇష్క్.

పారశీక కవిత్వం అనగానే మన తెలుగువాళ్లకు ముందు గుర్తొచ్చేది ఉమర్ ఖయ్యాం. అందుకు కారణం ఉంది. దువ్వూరి రామిరెడ్డిగారు పారశీకం నేర్చుకుని మూలం నుంచే 'పానశాల' రాశారు. పిఠాపురం ఉమర్ ఆలీషాగారు కూడా ఖయ్యాంని తెలుగు చేశారు. ఖయ్యాం తరవాత ఇప్పుడు రూమీ వచ్చాడు. పొద్దున లేస్తే ఫోన్లో ఆయన పేరు మీద ఏదో ఒక మెత్తని వాక్యం కనిపిస్తుంది. అందులో చాలా ఆయన రాసినవి కావు. ఇటు మధుపాత్ర, అటు మెత్తని వాక్యం. నడుమ ఉన్న అసలు సంగతి మనదాకా రాలేదని నా బాధ. ఇష్క్ అంటే ఆ మనుషులకు గుండెలో కలిగే తీపి కాదు. ఎవరికి తల వంచాలో, ఎవరికి వంచకూడదో తేల్చే శక్తి. దాన్ని శాస్త్రంలాగా కూర్చుని ఆలోచించారు, వచనంలో రాశారు, దానికోసం చచ్చిపోయారు. కవిత్వం ఆ తరవాత వచ్చింది.

నేను ఈ దారికి కవిత్వం మీద మోజుతో రాలేదు. నా ఉద్యోగమంతా హైదరాబాదు తార్నాకలోని ఆర్కైవ్స్‌లో ఫార్సీ కాగితాల మధ్యే గడిచింది. షాజహాన్, ఔరంగజేబు కాలాల్లో దక్కను నడిపించిన జాగీరు కాగితాలు, జీతాల లెక్కలు, సిపాయిల చెహ్రాలు. చెహ్రా అంటే ముఖవర్ణన. ఫలానా సిపాయికి ఎడమ కనుబొమ్మ మీద గాటు, గుర్రం రంగు ఇది, దాని తొడమీద వేసిన ముద్ర ఇది అని రాసిపెట్టే చీటీ. షికస్తా రాతలో అక్షరాలన్నీ ఒకదాన్నొకటి తోసుకుంటూ పోతుంటాయి. ఆ రాత చదవడం నేర్పిన ఉస్తాద్ పాతబస్తీవారు. "అమ్మా, ఎప్పుడూ జమా ఖర్చులేనా? ఒకసారి మక్తూబాత్ చదువు. అవీ జాగీర్ల గొడవే" అని ఒకరోజు నా చేతిలో ఐనుల్ ఖుజాత్ ఉత్తరాల సంపుటం పెట్టారు. ఆయన అన్నది అక్షరాలా నిజమని ఆ ఉత్తరాలు చదివాక తెలిసింది. అక్కడికి వచ్చేలోపు, ప్రేమ అనే మాట అంత ప్రమాదకరం ఎట్లా అయిందో చెప్పాలి.

ఎనిమిదో శతాబ్దంలో బస్రాలో రాబియా అనే స్త్రీ ఉండేది. నరకభయం వల్లనో స్వర్గాశ వల్లనో చేసే భక్తి ఆమెకు నచ్చలేదు. ఒక చేత నిప్పు, ఒక చేత నీళ్లు పట్టుకుని స్వర్గాన్ని కాల్చేస్తా, నరకాన్ని ఆర్పేస్తా అని వీధిలో నడిచిందని కథ. కథ ఎంత నిజమన్నది పక్కన పెడితే, ఆ ఆలోచన ఆమె పేరుమీదే నిలిచిపోయింది. పండితులకు దీనితో చిక్కు వచ్చింది. ప్రేమించడానికి ఇద్దరి మధ్య ఏదో పోలిక ఉండాలి కదా, సృష్టికర్తకీ మనిషికీ పోలికేమిటి అన్నది వాళ్ల ప్రశ్న. దేవుణ్ణి ప్రేమించడమంటే ఆజ్ఞ పాటించడమేనని వాళ్ల తీర్పు. అందులోనూ ఇష్క్ అనేది హద్దు లేని మోహానికి వాడే మాట. దాన్ని దేవుడి పక్కన పెట్టడం మహాపరాధం.

తొమ్మిదో శతాబ్దంలో బాగ్దాద్‌లో నూరీ అనే సూఫీ ఆ పని చేశాడు. గులాం ఖలీల్ అనే ఉపన్యాసకుడు ఖలీఫా దగ్గర ఫిర్యాదు చేశాడు. నూరీనీ, ఆయన మిత్రులనూ తలలు తీసే చోటికి తెచ్చారు. తలారి వేరొకరి దగ్గరికి నడుస్తుంటే నూరీ లేచి ముందుకొచ్చి తన తల ముందు తీయమన్నాడు. ఎందుకంత తొందర అని తలారి అడిగితే, మిగిలినవాళ్లకు ఇంకొన్ని క్షణాల ప్రాణం దక్కుతుందని చెప్పాడు. తలారి చెయ్యి ఆగిపోయింది. విచారణ మళ్లీ పెద్ద ఖాజీ దగ్గరికి పోయింది, అందరినీ వదిలేశారు. సూఫీల చరిత్ర రాసినవాళ్లందరూ ఈ సంఘటన చెబుతారు. వాళ్ల ప్రేమసిద్ధాంతానికి ఇంతకంటే మంచి వ్యాఖ్యానం నాకు కనబడలేదు. హల్లాజ్‌కి అట్లాంటి అదృష్టం కలగలేదు. ఫార్స్ ప్రాంతంలో పుట్టిన ఆ మనిషిని 922లో బాగ్దాద్‌లో చంపేశారు.

ఇది సూఫీల వైపు కథ. తత్వవేత్తల వైపు నుంచి ఇబ్నె సీనా ఉన్నాడు. వైద్యశాస్త్రానికి ఆయన రాసిన 'ఖానూన్' అందరికీ తెలుసు. ప్రేమ మీద కూడా ఆయన ఒక చిన్న గ్రంథం రాశాడని చాలామందికి తెలియదు. శిష్యుడు మాసూమీ అడిగితే అరబ్బీలో రాశాడు, ఏడు ప్రకరణాలు. అందులో ప్రేమ మనుషులతో మొదలుకాదు. ప్రాణం లేని పదార్థం దగ్గర మొదలవుతుంది. ప్రతి వస్తువూ తన లోటు తీర్చుకుని పూర్తి కావాలని గుంజుకుంటుంది. ఆ గుంజులాటే ప్రేమ అంటాడు. చెట్టు పెరగడం, జంతువు తిండి వెతుక్కోవడం, మనిషి అందమైన ముఖం చూసి ఆగిపోవడం అన్నీ ఒకే శక్తికి మెట్లు. చిట్టచివరి మెట్టు మీద దేవుడున్నాడు. ఇబ్నె సీనా 1037లో చనిపోయింది హమదాన్‌లోనే. ఆయన సమాధి ఇప్పటికీ అక్కడే ఉంది. ఎల్వంద్ కొండ కింద ఉన్న ఆ చలిపట్నంలోనే జానపదంలాంటి చతుష్పదులు చెప్పిన బాబా తాహిర్ సమాధి కూడా ఉంది. మన ఖాజీ ఆ ఊరివాడు.

అసలు మలుపు మాత్రం ఒక అన్నదమ్ముల జంట దగ్గర వచ్చింది. తూస్‌లో పుట్టిన గజాలీ సోదరులు. అన్న ముహమ్మద్ గజాలీ ఇస్లాం ప్రపంచమంతటా పేరు మోసిన పండితుడు. 1095లో బాగ్దాద్ నిజామియా మదరసాలో పెద్ద పదవి వదిలేసి, తన చదువంతా దేనికి పనికొచ్చిందన్న వేదనతో దేశాంతరం పోయాడు. ఖాళీ అయిన ఆ పీఠం మీద కొంతకాలం పాఠం చెప్పినవాడు తమ్ముడు అహ్మద్. అన్నది పాండిత్యం, తమ్ముడిది నాలుక. ఊళ్లు తిరుగుతూ, పల్లెటూళ్లలో కూడా ఉపన్యాసాలు చెప్పేవాడు. అన్న గ్రంథాలు గోడౌను నింపేంత ఉంటే, తమ్ముడు పేరు నిలబెట్టింది పలచని పుస్తకం ఒకటే, 'సవానిహ్'. 1114 ప్రాంతంలో రాశాడు. ప్రేమ మీద పారశీక భాషలో రాసిన మొదటి శాస్త్రగ్రంథం అదే.

శాస్త్రం అన్నాను కాని అందులో సూత్రాలూ విభాగాలూ ఉండవు. చిన్న చిన్న అధ్యాయాలు. కొన్ని అయిదారు వాక్యాలే. మధ్యలో ఒక పద్యం వచ్చి పోతుంది. ఒక మిత్రుడు అడిగితే రాస్తున్నానని మొదట్లోనే చెప్పి, వెంటనే ఒక షరతు పెడతాడు: ఇందులో చెప్పే ప్రేమ సృష్టికర్త మీదా, సృష్టిలోని మనిషి మీదా అని ఎవరూ అడగకూడదు. ఈ ఒక్క షరతు మీద తరవాతి ఆరేడు వందల ఏళ్ల పారశీక గజల్ నిలబడింది. హాఫిజ్ కవిత్వంలో ఆ చెలి ఎవరు, ఆ మద్యం ఏమిటి అని ఇవాళ్టికీ కొట్లాడుకునేవాళ్లున్నారు. ఆ కొట్లాట అక్కర్లేదని హాఫిజ్ పుట్టడానికి రెండు వందల ఏళ్ల ముందే అహ్మద్ తేల్చేశాడు.

సవానిహ్‌లో ప్రేమే అసలు సత్తా. ప్రేమికుడూ, ప్రియతమా ఇద్దరూ దానిలోనుంచి పుట్టినవాళ్లే. మొదట్లో ప్రేమికుడు చెలిని తనకోసం కోరుకుంటాడు. అప్పుడు ఏడుపులు, కేకలు, ఫిర్యాదులు. ప్రేమ ముదిరేకొద్దీ లెక్క తిరగబడుతుంది. తనను తాను చెలికోసం కోరుకోవడం మొదలవుతుంది. ఆ దశలో కేకలు ఆగిపోతాయి. దీపం పురుగు ప్రస్తావన హల్లాజ్ నాటిదే అయినా అహ్మద్ దాన్ని ఎవరూ చూడని కోణంలో చూశాడు. దూరంగా ఉన్నంతసేపూ పురుగుకి వెలుగు ఆహారం. మంటలో పడ్డాక పురుగే మంటకి ఆహారం. ఆ ఒక్క క్షణం ప్రేమికుడు తనే ప్రియతముడౌతాడు, తరవాత బూడిద. మరి ఆ క్షణం కోసం అంత దూరం ఎగరడం ఎందుకు అని అడిగితే, ఎగరడం పురుగు పని, మిగిలింది మంట పని అన్నట్టు ఉంటుంది ఆయన ధోరణి. ఇది చదివిన రోజు నేను ఇంకో కాగితం ముట్టుకోలేకపోయాను.

ఐనుల్ ఖుజాత్ కుర్రతనంలో తర్కం, వేదాంతం మింగి, ఏదీ నమ్మలేని స్థితికి వచ్చాడు. నాలుగేళ్లపాటు అన్నగారి గ్రంథాలు చదివి నిలదొక్కుకున్నాడు. ఆ తరవాత తమ్ముడు అహ్మద్ హమదాన్‌కి వచ్చాడు. ఇద్దరూ కలిసి ఉన్నది ఇరవై రోజులు కూడా లేదు. ఆ కొద్ది రోజుల్లో తన కన్ను తెరుచుకుందని ఆయనే రాసుకున్నాడు. చదువు నాలుగేళ్లలో ఇవ్వనిది మనిషి ఇరవై రోజుల్లోపల ఇచ్చాడు. ఆ పైన అహ్మద్ 1126లో ఖజ్వీన్‌లో చనిపోయేదాకా ఇద్దరి మధ్యా ఉత్తరాలు నడిచాయి. వయసులో గురువు చాలా పెద్ద. అయినా ఆ ఉత్తరాల్లో పెద్దరికం కనబడదు.

1127 ప్రాంతంలో శిష్యుడు 'తమ్హీదాత్' రాశాడు. పది ప్రకరణాలు. ఆరోది పూర్తిగా ఇష్క్ మీద. నమాజు, ఉపవాసం ఎట్లా విధులో దేవుడి దగ్గరికి చేర్చే ప్రేమ కూడా అట్లాగే విధి అని అందులో వాదిస్తాడు. ఖాజీ కనుక విధి అనే మాట బరువు ఆయనకు బాగా తెలుసు. ప్రేమను మూడు రకాలు చేస్తాడు. మనిషి దేవుణ్ణి ప్రేమించడం చిన్న ప్రేమ. దేవుడు మనిషిని ప్రేమించడం పెద్ద ప్రేమ. ఈ రెంటికీ నడుమ ఇంకొకటుంది, దాని గురించి చెప్పే ధైర్యం చాలడంలేదని ఆగిపోతాడు. ఈ పుస్తకం రాసిన నాలుగేళ్లకే ఉరి ఎక్కబోతున్న మనిషి ధైర్యం చాలదన్నాడంటే ఆ మూడోది ఎంత పెద్ద సంగతో ఆలోచించండి. దేవుడి మీద ప్రేమ లేదని దిగులుపడే పాఠకుడికి మాత్రం చాలా సులువైన సలహా ఇస్తాడు: కనీసం ఒక మనిషిని ప్రేమించు, నేను చెప్పేది అప్పుడు అర్థమౌతుంది అని. మనిషి మీది ప్రేమని తక్కువ చేసి మాట్లాడే వేదాంతాలు చాలా చదివాను. ఈయన దాన్ని బడిలో మొదటి తరగతి చేశాడు.

పండితులకు ఒళ్లు మండించింది మాత్రం ఇబ్లీస్ వ్యవహారం. ఆదాముకి మొక్కమని దేవుడు ఆజ్ఞాపిస్తే దేవదూతలందరూ మొక్కారు, ఇబ్లీస్ మొక్కలేదు, శాపం తిన్నాడు. అందరికీ అతను అహంకారి. హల్లాజ్ అతన్ని ఇంకో రకంగా చూశాడు, అహ్మద్ గజాలీ వేదికల మీదే అతన్ని మెచ్చుకున్నాడు, ఐనుల్ ఖుజాత్ దాన్ని చివరిదాకా తీసుకెళ్లాడు. ఇబ్లీస్ ప్రేమికుడు. ప్రేమించినవాడికి తప్ప ఇంకొకరికి తల వంచలేకపోయాడు. ప్రియతముడే తల వంచమన్నా సరే! అది పరీక్ష అని అతనికి తెలుసు. శాపం కూడా ఆ చేతినుంచి వచ్చిందే కనుక కానుకగా తీసుకుని దూరంగా నిలబడ్డాడు. ఇది సైతానుకి వకాల్తా కాదు. ఐనుల్ ఖుజాత్ ముహమ్మద్ ప్రవక్త వెలుగుని ఒకవైపు, ఇబ్లీస్ నల్లటి వెలుగుని ఇంకోవైపు పెట్టి, రెండూ ఒకే ముఖానికి చెందినవని చెప్పాడు. తల వంచకపోవడం గురించి అంత లోతుగా ఆలోచించినవాడు సుల్తాను అధికారుల ముందు ఎట్లా ఉంటాడు? ఇక్కడే ఉస్తాద్ చెప్పిన జాగీర్ల గొడవ వస్తుంది.

అది సెల్జుక్ తురుష్కుల రాజ్యం. ఇఖ్తా అనే పద్ధతి నడిచేది. సైనికాధికారికి జీతం బదులు ఫలానా ప్రాంతం శిస్తు రాసిచ్చేవారు. మన జాగీరుకి అది తాత. ఐనుల్ ఖుజాత్ శిష్యుల్లో చాలామంది ఆ కచేరీల్లో ఉద్యోగులే. ఖజానా చూసే అజీజుద్దీన్ ముస్తౌఫీ వారిలో ముఖ్యుడు. వాళ్లకు రాసిన ఉత్తరాల్లో ధ్యానం, ఖురాన్ వ్యాఖ్యానంతోపాటు సూటిగా చీవాట్లున్నాయి. నువ్వు తినే సొమ్ము ఎవరి దగ్గర లాక్కున్నదో చూసుకున్నావా, దుర్మార్గుడి కొలువు చేస్తూ దేవుడి ప్రేమ గురించి నన్నడుగుతున్నావా అన్న ధోరణి. శిస్తు కాగితాలు చదివీ చదివీ కళ్లు కాయలు కాసిన నాకు ఆ ఉత్తరాలు కొట్టిన దెబ్బ వేరే ఎవరికీ తగిలి ఉండదు. నేను చదివిన జాగీరు పత్రాల్లో రైతు పేరు కనబడటం అరుదు. శిస్తు అంకె మాత్రమే ఉంటుంది. అయిదారు వందల ఏళ్ల ముందు హమదాన్‌లో కూర్చున్న ఒక ప్రేమతత్వవేత్త ఆ అంకె వెనక మనిషిని చూశాడు.

వజీరు దర్గజీనీకి అజీజుద్దీన్ శత్రువు. మొదట అజీజుద్దీన్‌ని చెరలో పెట్టించాడు. అతని గురువు వంతు తరవాత వచ్చింది. ఊళ్లో పండితులు తన మీద ఫత్వా ఇచ్చారని, దేవుణ్ణే తానంటున్నాడని చెప్పుకుంటున్నారని ఒక మిత్రుడు రాస్తే, నిన్నడిగినా నువ్వూ ఇచ్చెయ్యమని ఐనుల్ ఖుజాత్ జవాబిచ్చాడు. బాగ్దాద్ జైల్లో పెట్టారు. అక్కడ అరబ్బీలో తన వాదన రాసుకున్నాడు, పేరు 'షక్వల్ గరీబ్', పరాయి ఊళ్లో ఉన్నవాడి మొర. మొదలుపెట్టడమే హమదాన్ కోసం, ఎల్వంద్ కొండ కోసం బెంగపడుతూ మొదలుపెడతాడు. తర్వాత తన మీది ఆరోపణలకు ఒక్కొక్కదానికీ శాస్త్రప్రమాణంతో సమాధానం చెబుతాడు. తనకంటే ముందు పెద్దలు అన్నదే తానన్నానని చూపిస్తాడు. ఎవరూ వినలేదు. సొంత ఊరికి తీసుకెళ్లి చంపారు. నా దృష్టిలో మతం సాకు, శిస్తు అసలు కారణం. వజీరు ముఠాతగాదాలో ఈ ఉత్తరాలు రాసిన చెయ్యి అడ్డమైంది.

ఆ తర్వాత వంద ఏళ్లలో కవులు వచ్చారు. ఈ ఇద్దరు వచనకారులు ఆలోచించినది వాళ్లు కథలు చేశారు. గంజా పట్నపు నిజామీ 1188లో 'లైలా మజ్నూ' రాశాడు. మనకి ఈ కథ 1949లో భరణీవారి సినిమాతో, భానుమతి, అక్కినేనిలతో ఇంటింటికీ తెలుసు. నిజామీ కావ్యంలో ఒక ఘట్టం ఉంది. తండ్రి కొడుకుని కాబాకి తీసుకెళ్లి, ఈ పిచ్చి వదిలించమని వేడుకోరా అంటాడు. మజ్నూ కాబా తలుపు కడియం పట్టుకుని ఈ ప్రేమ ఇంకా పెంచమని, తన ఆయుష్షు తీసి లైలాకి కలపమని వేడుకుంటాడు. సవానిహ్ తెలిసి చదివితే ఆ ఘట్టం ఒక యువకుడి విరహం కాదు. ప్రేమ రోగమనే తండ్రికీ, ప్రేమే వైద్యమనే కొడుక్కీ మధ్య దేవుడి ఇంటి గుమ్మంలో జరిగిన వాదం.

నిషాపూర్ అత్తార్ 'మంతిఖుత్ తైర్'లో చెప్పిన షేక్ సనాన్ కథ ఇంకా తీవ్రమైనది. నాలుగు వందల మంది శిష్యులున్న మక్కా గురువు. ఒక కలని వెంబడించి రూమ్ దేశం పోయి, అక్కడొక క్రైస్తవ కన్యని చూసి మనసు పోగొట్టుకుంటాడు. ఆమె షరతుల మీద షరతులు పెడుతుంది. మద్యం తాగుతాడు, ధర్మగ్రంథం కాలుస్తాడు, జందెం కడతాడు, చివరికి ఏడాదిపాటు పందులు కాస్తాడు. శిష్యులు సిగ్గుతో మక్కా తిరిగొస్తారు. అక్కడున్న ఒక పాత మిత్రుడు వాళ్లని పట్టుకుని తిడతాడు. ఆయన జందెం కడితే మీరూ కట్టాల్సింది, ఆయన పందులు కాస్తే మీరూ కాయాల్సింది, కష్టంలో వదిలేసి వచ్చినవాళ్లు శిష్యులా అని. వాళ్లంతా వెనక్కి వెళ్లి నలభై రోజులు ప్రార్థన చేస్తే గురువు తిరిగి వస్తాడు. వెనకే ఆ కన్య కూడా పరుగెత్తుకొచ్చి, విశ్వాసం పుచ్చుకుని ప్రాణం విడుస్తుంది. కథలో అందరూ కన్య గురించీ, పందుల గురించీ మాట్లాడతారు. నాకు ఎప్పుడూ ఆ తిట్టిన మిత్రుడే గుర్తుంటాడు. అన్ని ప్రవచనాల్లోకీ ఆయన తిట్లు గొప్పవి.

రూమీ గురించి ఎక్కువ చెప్పను, చెప్పేవాళ్లు చాలామంది ఉన్నారు. 1244లో కొన్యాలో షమ్స్ అనే దేశదిమ్మరి కలిసేనాటికి ఆయన గౌరవనీయుడైన మదరసా పండితుడు. షమ్స్ కొన్నేళ్లకే మాయమయ్యాడు. ఆ ఎడబాటు మీదినుంచి వచ్చినవి వేలకొద్దీ గజళ్లు, ఆ తరవాత ఆరు సంపుటాల, పాతిక వేల ద్విపదల 'మస్నవీ'. ఫోన్లలో తిరిగే రూమీకి గురువూ లేడు, శాస్త్రమూ లేదు, ప్రవక్త కూడా లేడు. అసలు రూమీకి అన్నీ ఉన్నాయి. అవన్నీ తీసేసి మిగిలిన తీపిని పంచిపెట్టడం ఆయనకు అన్యాయం.

ఈ ఆలోచన మన నేలకి కూడా చేరింది. రెండు దారుల్లో వచ్చింది.

మొదటి దారి గుల్బర్గా మీదుగా. ఢిల్లీలో 1321లో పుట్టిన సూఫీ గేసూదరాజ్, తైమూరు దండు రావడానికి కాస్త ముందు ఢిల్లీ వదిలి, 1400 ప్రాంతంలో బహమనీల గుల్బర్గా చేరాడు. 1422లో అక్కడే దేహం విడిచాడు. ఆయనదే ఆ బందేనవాజ్ దర్గా. అదంటే తెలంగాణ పల్లెల్లో తెలియనివాళ్లుండరు. ఏటా ఉర్సుకి ఇక్కడినుంచి బస్సులు కట్టుకుని పోతారు. హిందువులూ పోతారు, ముస్లిములూ పోతారు. ఆ దర్గాలో నిద్రిస్తున్న మహానుభావుడు ఐనుల్ ఖుజాత్ రాసిన తమ్హీదాత్‌కి పారశీకంలో వ్యాఖ్యానం రాశాడు. అది గత శతాబ్దంలో హైదరాబాదులో అచ్చయింది. పదిహేడో శతాబ్దంలో గోల్కొండ సర్కారులో కొలువు చేసి, బీజాపూర్ అమీనుద్దీన్ ఆలాకి శిష్యుడైన మీరాంజీ ఖుదానుమా ఆ వ్యాఖ్యానాన్ని దక్కనీలోకి తెచ్చాడు. హమదాన్‌లో ఉరి తీసిన ఖాజీ మాటలు అయిదు వందల ఏళ్లకి గోల్కొండ వీధుల్లో మాట్లాడుకునే భాషలో వినబడ్డాయన్నమాట.

రెండో దారి ఒక కథ నడిచిన దారి. ఇరాన్ తత్వవేత్త సుహ్రవర్దీ, ఈయన్నీ 1191లో అలెప్పోలో చంపారు, ప్రేమ మీద చిన్న పారశీక కథ రాశాడు. దేవుడు మొదట బుద్ధిని సృష్టించాడు. ఆ బుద్ధినుంచి ముగ్గురు అన్నదమ్ములు పుట్టారు: సౌందర్యం, ప్రేమ, దుఃఖం. సౌందర్యం యూసుఫ్ దగ్గర కాపురం పెడితే, ప్రేమ ఈజిప్టులో జులేఖా ఇంటికీ, దుఃఖం కనాన్‌లో యాకూబ్ ఇంటికీ పోయాయి. ఇట్లా గుణాలను మనుషులుగా చేసి కథ నడిపే పద్ధతి పారశీకంలో పాతుకుపోయింది. పదిహేనో శతాబ్దంలో నిషాపూర్ కవి ఫత్తాహీ సౌందర్యం, హృదయం నాయికానాయకులుగా ఒక కథ అల్లాడు. అదే కథని 1635లో అబ్దుల్లా కుతుబ్ షా కోరితే ముల్లా వజ్హీ దక్కనీ వచనంలో 'సబ్ రస్' అని రాశాడు. బుద్ధి ఒక రాజు, అతని కొడుకు హృదయం. ప్రేమ ఇంకో రాజు, అతని కూతురు సౌందర్యం. చూపు అనేవాడు వేగులవాడు. రెండు రాజ్యాలకూ యుద్ధం వస్తుంది, బుద్ధి ఓడిపోతాడు. ఓడినవాణ్ణి చంపరు. ప్రేమరాజు అతన్ని తన వజీరుగా పెట్టుకుంటాడు. ఇబ్నె సీనా కాలంనుంచి నడిచిన ఒక పెద్ద తగవుకి గోల్కొండలో వినబడిన తీర్పు ఇది. ఇంతకంటే న్యాయమైన తీర్పు నేను ఇరాన్‌లోనూ చూడలేదు. సబ్ రస్‌ని మౌల్వీ అబ్దుల్ హఖ్ 1932లో పరిష్కరించి అచ్చువేశారు.

వజ్హీ సబ్ రస్ రాసిన శతాబ్దంలోనే మువ్వగోపాలుడి మీద పదాలు కట్టిన క్షేత్రయ్య గోల్కొండ పాదుషా ఎదుట పదిహేను వందల పదాలు పాడానని స్వయంగా చెప్పుకున్నాడు. ఆ పాదుషా అబ్దుల్లాయేనని సాహిత్య చరిత్రకారుల అభిప్రాయం. క్షేత్రయ్య వజ్హీ దగ్గర ఏదో నేర్చుకున్నాడనో, వజ్హీ ఆయన దగ్గర నేర్చుకున్నాడనో నేననడంలేదు. నాయిక విరహంలో దేవుణ్ణి పెట్టి, ఇది చెలి మీది ప్రేమా దేవుడి మీది ప్రేమా అని అడగనివ్వని కవి ఒకడు, ప్రేమకి బుద్ధిని వజీరు చేసిన రచయిత ఒకడు, ఒకే కొలువులో ఆదరం పొందారన్నంతవరకే అంటాను. మన సాహిత్య చరిత్రలు ఈ ఇద్దరినీ రెండు వేరు వేరు పుస్తకాల్లో పెట్టేశాయి.

పారశీకం, ఉర్దూ చదివే తెలుగు పిల్లలు మన విశ్వవిద్యాలయాల్లో ఇప్పటికీ ఉన్నారు. వాళ్లకు నా విన్నపం. ఖయ్యాంకి దువ్వూరివారు చేసిన పని అహ్మద్ గజాలీకి మీరు చేయండి. సవానిహ్ చిన్న పుస్తకం. జర్మన్ పండితుడు హెల్మూట్ రిట్టర్ 1942లో ఇస్తాంబుల్‌లో శ్రద్ధగా పరిష్కరించి అచ్చువేసిన పాఠం ఉంది. దాన్ని ఇంగ్లీషు మీదుగా కాకుండా నేరుగా తెలుగులోకి తీసుకురండి. దాని వెనకే తమ్హీదాత్ ఆరో ప్రకరణం. సబ్ రస్‌కైతే ఇరాన్ దాకా పోనక్కర్లేదు. అది ఇక్కడ, ఈ ఊళ్లో, మన పక్కింటి భాషలో రాసిన పుస్తకం.